సూర్యుడు ఉచితమే - మరి సోలారు?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

ఎండ విషయంలో మా పల్నాడు పేదది కాదు. వానకి మొహం వాచాం, కాలవ నీళ్ళకి మొహం వాచాం గాని ఎండకి మాత్రం మేమెన్నడూ మొహం వాచలేదు. మే నెలలో 45 డిగ్రీలు మాకు వింత కాదు. ఇంత ఎండ ఊరికే పోతోందే, దీన్ని పట్టి కరెంటు చేసుకుంటే ఎంత బాగుండునని ఆశపడనివాడు ఉండడు. అందుకే కాబోలు, మిర్చి అమ్మి రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లోనే సోలారు ఏజెంట్లు కూడా ఊళ్ళోకి దిగుతున్నారు.

నేను భౌతికశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి. సేద్యం చేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. కాబట్టి ఈ విషయంలో నాలో ఇద్దరు మనుషులున్నారు. సూర్యశక్తి దేశానికి మేలు అనేవాడొకడు, పెట్టిన రూపాయి ఎప్పుడు తిరిగొస్తుందని అడిగేవాడొకడు. ఈ ఇద్దరూ పోట్లాడుకోనక్కర్లేదు. లెక్క సరిగ్గా వేస్తే ఇద్దరూ ఒకే మాట చెబుతారు. సోలారు మంచిదా చెడ్డదా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఎవరింటికి, ఎంత, ఏ ధరకి అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్న అడగకుండా కొన్నవాడు నష్టపోతాడు. అడగకుండా వద్దన్నవాడూ నష్టపోతాడు.

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు సిలికాన్ తో సౌరఘటం చేసి చూపించినప్పుడు, దాని మీద పడిన వెలుగులో 6 శాతం మాత్రమే కరెంటుగా మారింది. ఈనాడు బజార్లో దొరికే మామూలు ప్యానెల్ 21, 22 శాతం మారుస్తోంది. ఒకప్పుడు ఉపగ్రహాలకే అమరిన వస్తువు ఇవాళ మన డాబా మీదికి వచ్చింది. ఇది విజ్ఞానశాస్త్రం సాధించిన విజయమే, సందేహం లేదు. కాని ప్రయోగశాలలో గెలిచినంత మాత్రాన ప్రతి ఇంటి పద్దులోనూ గెలవాలని లేదు.

ముందు బిల్లు, తర్వాత ప్యానెల్

సోలారు కొనదల్చినవాడు మొదట చూడవలసింది ప్యానెల్ కాదు, గోడకి తగిలించిన కరెంటు బిల్లుల కట్ట. పన్నెండు నెలల బిల్లులు తీసి నెలకి సగటున ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడాలి. ఒక కిలోవాట్ ప్యానెళ్ళు మన ప్రాంతంలో సగటున రోజుకి 4 యూనిట్లు, అంటే నెలకి సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. వానాకాలంలో తగ్గుతుంది, ఫిబ్రవరి మార్చి నెలల్లో పెరుగుతుంది. ఈ ఒక్క సంఖ్య గుర్తుంటే చాలు, సగం మోసాల నుంచి తప్పించుకోవచ్చు.

ఇక ప్రభుత్వం ఇచ్చే సాయం. 2024 ఫిబ్రవరిలో మొదలైన 'పి.ఎం. సూర్య ఘర్' పథకం కింద ఇంటికి 1 కిలోవాట్ కి 30 వేలు, 2 కిలోవాట్లకి 60 వేలు, 3 కిలోవాట్లు, అంతకు పైన ఎంత పెట్టినా 78 వేలు సబ్సిడీ వస్తుంది. అయితే ఈ డబ్బు ముందు రాదు. ప్యానెళ్ళు బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయ్యాక మన బ్యాంకు ఖాతాలో పడుతుంది. అంతదాకా మొత్తం సొమ్ము మనమే పెట్టుకోవాలి, లేదా అప్పు తేవాలి. ఏజెంట్లు ఈ ముక్క గబగబా చెప్పేసి దాటిపోతారు.

మా ఇంటికొచ్చిన ఏజెంటూ అలాగే దాటిపోయాడు. "బాబాయ్, ఒక కిలోవాట్ పెట్టించెయ్. డెబ్భై వేలు. ముప్ఫై గవర్నమెంటు ఇస్తది. ఇంక జన్మలో బిల్లు కట్టే పని లేదు. చేతిలో డబ్బు లేకపోతే వడ్డీకి తెచ్చుకో, అయినా లాభమే" అన్నాడు. మా నాన్న నా వైపు చూసి, "అబ్బాయా, నువ్వు చదివేది లెక్కలేగా, చూడు" అన్నాడు. చూశాను.

మా ఇంట్లో కాలేది నెలకి 70 యూనిట్లు. ఆంధ్రప్రదేశ్ లో ఇళ్ళకి కరెంటు రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా నాలుగున్నర. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. ఇతర ఛార్జీలు పక్కన పెడితే మా ఇంటి 70 యూనిట్లకి అయ్యేది నెలకి 177 రూపాయలు. ఏడాదికి 2,124. సబ్సిడీ పోను మేం పెట్టవలసింది 40 వేలు. అది తిరిగి రావడానికి పట్టేది దాదాపు 19 సంవత్సరాలు!

"మిగిలిన కరెంటు డిస్కం కొంటుంది కదా" అని మీరడగవచ్చు. కొంటుంది. నెలకి మిగిలే 50 యూనిట్లకి రెండేసి రూపాయలు వచ్చాయనుకుందాం. అప్పుడు ఏడాదికి 3,300 చిల్లర. అయినా 12 సంవత్సరాలు. ఇదంతా వడ్డీ లేకుండా వేసిన లెక్క. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే 40 వేలకి నెలకి 800 రూపాయలు. నూట డెబ్భై ఏడు రూపాయల బిల్లు తప్పించుకోవడానికి ఎనిమిది వందల వడ్డీ కట్టడమన్నమాట! ఎలుక దూరిందని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. బ్యాంకులు ఈ పథకానికి 2 లక్షల దాకా తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి ఇస్తున్నాయి, నిజమే. ఏడాదికి నూటికి 7 రూపాయలు వేసుకున్నా 40 వేలకి 2,800 వడ్డీకే పోతుంది. ఇంక అసలు ఎప్పుడు తీరాలి?

ఇప్పుడు నరసరావుపేటలో మా మేనమామ ఇల్లు చూద్దాం. ఏసీ ఉంది, ఫ్రిజ్ ఉంది, నెలకి 250 యూనిట్లు. పై మెట్ల ప్రకారం బిల్లు 1,236 రూపాయలు. ఆయన 2 కిలోవాట్లు పెట్టించాడు. ఖర్చు లక్షా ముప్ఫై వేలు, సబ్సిడీ పోను 70 వేలు. ఇప్పుడు కరెంటు చార్జీ కింద కట్టేది పదుల్లోనే. అయిదేళ్ళ లోపు పెట్టుబడి తిరిగొస్తుంది. ప్యానెల్ ఆయుష్షు పాతికేళ్ళు. అంటే తర్వాత ఇరవై ఏళ్ళూ లాభమే. ఆయన పెట్టడం వివేకం, మేం పెట్టకపోవడం వివేకం. ఒకే వస్తువు, ఒకే ఎండ. బిల్లు మాత్రం వేరు.

తెలంగాణలో 2024 నుంచి 'గృహజ్యోతి' కింద తెల్లకార్డు ఇళ్ళకి 200 యూనిట్ల దాకా ఉచితం. అలాంటి ఇంటికి డాబా మీద సోలారు అంటగట్టేవాణ్ణి ఏమనాలో పాఠకులకే వదిలేస్తున్నాను.

మరి మాబోటి ఇళ్ళు ఏం చెయ్యాలి? మా పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కొక్కటి 75 వాట్లు. రెండు ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 54 యూనిట్లు. ఈ మధ్య వస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ కి 30 వాట్లు చాలు. రెండూ మారిస్తే 54 కాస్తా 22కి దిగుతుంది. ఖర్చు ఆరు వేలు. మేం చేసింది అదే. పుట్టించిన యూనిట్ కన్నా పొదుపు చేసిన యూనిట్ చవక.

ఏ ప్యానెల్ కొనాలి?

లెక్క కుదిరిందనుకుందాం. ఇప్పుడు సరుకు చూడాలి. నీలం రంగులో, లోపల గచ్చు చెక్కల్లా మెరిసేవి పాలీక్రిస్టలైన్ ప్యానెళ్ళు, ఇవి పాతబడిపోయాయి. నల్లగా ఉండేవి మోనో ప్యానెళ్ళు. వాటిలోనే 'మోనో పెర్క్' అనీ, ఇంకా కొత్తది 'టాప్‌కాన్' అనీ రెండు రకాలు ఎక్కువగా దొరుకుతున్నాయి. డాబా చిన్నదైతే మోనోయే మేలు. ఒక కిలోవాట్ కి సుమారు వంద చదరపు అడుగుల నీడ లేని చోటు కావాలి.

ఇక్కడ మన ఎండల గురించి ఒక విషయం. ప్యానెల్ మీద '540 వాట్లు' అని రాసి ఉంటే అది 25 డిగ్రీల దగ్గర కొలిచిన సంఖ్య. మా ఊళ్ళో మే నెల మధ్యాహ్నం ప్యానెల్ లోపల వేడి 65 డిగ్రీలు దాటుతుంది. మోనో పెర్క్ లో ప్రతి డిగ్రీకి సుమారు 0.35 శాతం శక్తి తగ్గుతుంది. 40 డిగ్రీలు పెరిగితే 14 శాతం పోతుంది. 540 కాస్తా 464 అవుతుంది. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువనుకుంటాం గాని, ప్యానెల్ కి కావలసింది వెలుగు, వేడి కాదు. టాప్‌కాన్ లో ఈ తగ్గుదల డిగ్రీకి 0.30 శాతం చిల్లర, కొంచెం నయం. ఈ సంఖ్యని 'టెంపరేచర్ కోఎఫిషెంట్' పేరుతో ప్యానెల్ వివరాల కాగితంలో వేస్తారు. అడిగి చూడండి. ఆ మాట అడిగితే చాలు, ఏజెంటు గొంతులో మర్యాద పెరుగుతుంది. ప్యానెల్ ని స్లాబుకి అతికించినట్టు కాకుండా కింద గాలి ఆడేలా ఎత్తులో బిగించాలి. దక్షిణం వైపు, 15 డిగ్రీలు అటూ ఇటూగా వాలు ఉంటే మన అక్షాంశానికి సరిపోతుంది.

సబ్సిడీ కావాలంటే మన దేశంలో చేసిన ఘటాలతో మన దేశంలోనే చేసిన ప్యానెల్, అంటే 'డీసీఆర్' రకం ఉండాలి. బిల్లులో ఆ మాట, ప్రతి ప్యానెల్ సీరియల్ నంబరు రాయించుకోవాలి. గ్యారంటీలు రెండు రకాలు. వస్తువు పాడైతే మార్చి ఇచ్చే గ్యారంటీ సాధారణంగా 10, 12 సంవత్సరాలు. పాతికేళ్ళకి కూడా 80 శాతానికి తగ్గకుండా కరెంటు ఇస్తుందనేది వేరే గ్యారంటీ. ఏజెంటు 'పాతికేళ్ళ గ్యారంటీ' అన్నప్పుడు ఏ గ్యారంటీ అని అడగాలి. ఇన్వర్టర్ కి మాత్రం అంత ఆయుష్షు లేదు. పదేళ్ళకోసారి మార్చవలసి వస్తుందని ముందే మనసులో పెట్టుకుని కొంత సొమ్ము పక్కన వెయ్యాలి.

ఇనుప చట్రం గాల్వనైజ్ చేసినదై ఉండాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖని ఏం చేసిందో మనకి తెలుసు. కోస్తాలో ఉండేవాళ్ళు ప్యానెల్ కన్నా దాన్ని పట్టుకునే బోల్టుల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. బిగించేటప్పుడు కూలీలు ప్యానెల్ ఎక్కి నడవకుండా దగ్గరుండి చూసుకోవాలి. పైన అద్దం పగలకపోయినా లోపల కంటికి కనపడని బీటలు పడతాయి. వాటి ఫలితం మూడేళ్ళ తర్వాత తెలుస్తుంది. అప్పటికి ఏజెంటు ఫోను తియ్యడు.

కరెంటు పోతే సోలారూ పోతుంది!

చాలామంది కొన్న తర్వాత తెలుసుకునే సంగతి ఇది. బ్యాటరీ లేని 'ఆన్ గ్రిడ్' సోలారు, లైను కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. నడినెత్తిన సూర్యుడు వెలుగుతున్నా ఇంట్లో ఫ్యాను తిరగదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన జాగ్రత్త. లైను ఆపి స్తంభమెక్కిన లైన్‌మన్ కి మన డాబా నుంచి కరెంటు వెళ్ళి తగిలితే ఏమవుతుంది? మన బిల్లు కన్నా అతని ప్రాణం ఎక్కువ కదా.

కోతలే బాధ అయితే దానికి మార్గం వేరు. నాలుగు 9 వాట్ల బల్బులు 5 గంటలు, రెండు 30 వాట్ల ఫ్యాన్లు 8 గంటలు: మొత్తం 660 వాట్ అవర్లు. దీనికి 250 వాట్ల ప్యానెల్ ఒకటి, 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ ఒకటి, మధ్యలో చార్జ్ కంట్రోలర్ చాలు. ఇన్వర్టర్, బ్యాటరీ ఇప్పటికే ఉన్న ఇళ్ళకి ఖర్చు ఇంకా తక్కువ. కాని బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరే పొయ్యాలి, బోరు నీళ్ళు కాదు. నెలకోసారి మట్టం చూడాలి. సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే బ్యాటరీ త్వరగా చస్తుంది.

పాల లెక్కలా రాయాలి

'సోలారుకి మెయింటెనెన్సే లేదు' అనేది ఇంకో అబద్ధం. పిడుగురాళ్ళ చుట్టుపక్కల సున్నపు బట్టీల దుమ్ము ఎంత దూరం పోతుందో అక్కడివాళ్ళకి తెలుసు. ఆ దుమ్ము మీద రాత్రి మంచు పడి, పొద్దున ఎండ కాసిందంటే ప్యానెల్ కి వెల్ల వేసినట్టే. కల్లాల్లో మిర్చి ఎండబెట్టే రోజుల్లో ఎర్రదుమ్ము సరేసరి. వారం పది రోజులకోసారి తెల్లవారుజామునో, పొద్దు వాలాకనో కడగాలి. కాలుతున్న అద్దం మీద మధ్యాహ్నం చల్లనీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. సబ్బుపొడి, ఇటుకపొడి, గరుకు పీచు వాడకూడదు. మెత్తని గుడ్డ చాలు. మా నీళ్ళు ఉప్పు నీళ్ళు. ఆరిపోతే తెల్లటి చారలు మిగులుతాయి. అందుకని కడిగిన వెంటనే తుడవాలి, లేదా వాననీళ్ళు పట్టి ఉంచుకోవాలి. కడిగే ముందు ఇన్వర్టర్ దగ్గర స్విచ్ ఆపాలి. ప్యానెళ్ళ నుంచి వచ్చేది డీసీ కరెంటు, వందల వోల్టులుంటుంది. ఎండ ఉన్నంతసేపూ తీగల్లో అది ఉంటూనే ఉంటుంది. కనెక్షన్లు మనం ముట్టుకోకూడదు.

దుమ్ము కన్నా నీడ చెడ్డది. ప్యానెల్ లో ఘటాలన్నీ వరసగా కలిపి ఉంటాయి. కాడికి కట్టిన ఎద్దుల్లో ఒకటి కుంటితే రెండోది ఎంత బలమైనదైనా ఏం లాభం? అలాగే ఒక మూల కొబ్బరి మట్ట నీడ పడితే ఆ వరస మొత్తం నీరసిస్తుంది. నీడ పడ్డ ఘటం కరెంటు ఇవ్వకపోగా, మిగతావాటి కరెంటుతో తనే వేడెక్కి కాలిపోవచ్చు. దాన్ని కాపాడడానికే ప్యానెల్ వెనక బైపాస్ డయోడ్లు పెడతారు. అవి పనిచేసినా మూడో వంతు కరెంటు పోతుంది. మా మేనమామ ఇంట్లో పక్కవాళ్ళు కొత్తగా కట్టిన నీళ్ళ ట్యాంకు నీడ మధ్యాహ్నం రెండు దాటాక ఒక ప్యానెల్ మీద పడుతోంది. అది ఎలా తెలిసింది? మా అత్తయ్య రోజూ సాయంత్రం ఇన్వర్టర్ మీద యూనిట్ల అంకె చూసి పాల లెక్క పక్కన రాసి పెడుతుంది. 8 రావలసిన చోట ఆరున్నర రావడం ఆవిడే కనిపెట్టింది. ప్యానెల్ నాలుగడుగులు జరిపితే సరిపోయింది. ఏ ఇంజనీరూ అక్కర్లేకపోయింది. ఒక పుస్తకం, ఒక పెన్సిలు చాలాయి.

వీటికి తోడు ఏడాదికోసారి బోల్టులు బిగించడం, ఎలుకలు కొరికిన తీగలు చూడడం, ఎండాకాలంలో ఎర్తు గుంతలో నీళ్ళు పొయ్యడం. సబ్సిడీ పథకం కింద బిగించిన కంపెనీ అయిదేళ్ళు నిర్వహణ చూడాలన్న నిబంధన ఉంది. ఆ కాగితం అడిగి తీసుకోండి; మొహమాటపడితే మనకే నష్టం.

మన బాధ్యత

ఇక్కడ పాలకులకు ఒక మాట చెప్పక తప్పదు. ఈ సబ్సిడీ ఎవరికి అందుతోంది? సొంత డాబా ఉన్నవాడికి, ముందుగా లక్ష పెట్టగలిగినవాడికి. పెంకుటింటివాడికి, రేకుల షెడ్డువాడికి, అద్దెకున్నవాడికి చోటేది? తక్కువ కరెంటు వాడేవాడికి లాభమేది? ఊరి బడి మీద, పంచాయతీ ఆఫీసు మీద అందరికీ కలిపి ప్యానెళ్ళు పెట్టి, వచ్చిన యూనిట్లు డాబా లేని ఇళ్ళ బిల్లుల్లో తగ్గిస్తే ఆ సొమ్ము అసలైన చోటికి చేరుతుంది. ఎండ అందరి మీదా ఒకేలా పడుతున్నప్పుడు దాని ఫలం కొన్ని డాబాల మీదే ఎందుకు ఆగిపోవాలి?

విద్యార్థి మిత్రులకు కూడా ఒక మాట. ప్రాక్టికల్స్ లో మనం సోలార్ సెల్ లక్షణ రేఖ గీస్తాం. రికార్డులో సంతకం పెట్టించుకుంటాం. పరీక్ష అవగానే మరిచిపోతాం. మన ఊళ్ళో ఏజెంటు అమాయక రైతుకి లెక్క చెబుతున్నప్పుడు పక్కన నుంచోవలసిన వాళ్ళం మనం, హాస్టల్లో ఫోను చూసుకుంటూ ఉంటాం. మన యూనియన్ ఈ ఏడాది ఒక్క పని తలపెడితే బాగుంటుంది. సంక్రాంతి సెలవులకి వెళ్ళే ప్రతి సైన్సు విద్యార్థీ తన ఊళ్ళో పది ఇళ్ళ కరెంటు బిల్లులు చూసి, ఈ ఇంటికి పెట్టవచ్చు, ఈ ఇంటికి వద్దు, ముందు ఫ్యాన్లు మార్చుకోండి అని కాగితం మీద రాసి ఇవ్వాలి. సందేహం వస్తే మన భౌతికశాస్త్ర అధ్యాపకులు సరిదిద్దకపోరు. దీనికి నిధులు అక్కర్లేదు, సభలు అక్కర్లేదు, ముఖ్య అతిథి అంతకన్నా అక్కర్లేదు. కూడికలు, తీసివేతలు వస్తే చాలు. పూర్వ విద్యార్థుల్లో విద్యుత్ శాఖలో పనిచేసేవారు ఎవరైనా ఉంటే, సెలవులకి ముందు ఒక పూట వచ్చి నెట్ మీటరు దరఖాస్తు ఎలా నింపాలో మాకు నేర్పిస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.